గుర్రం వారమంతా తింటుంది

సంపాదకుడి గారికి నమస్కారం.

హైదరాబాద్ పక్కన మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల దారుల్లో గుర్రపు లాయాలు చాలానే కనిపిస్తున్నాయి. సొంతంగా గుర్రం కొనుక్కుని, కట్టేయడానికి చోటు లేని మాలాంటి వాళ్ళం వాటిల్లో ఉంచి నెలకింత అని కడుతుంటాం. లివరీ అంటారు దీన్ని. మా గుర్రానిది పార్ట్ లివరీ, అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా లాయం వాళ్ళు చూసుకుంటారు, శని ఆదివారాల్లో లద్ది ఎత్తడం, మాలిష్ చేయడం, నీళ్ళు పెట్టడం అన్నీ మా పని. ఈ సగం సగం ఏర్పాటుకి ఎంత కట్టాలి అన్నదాని మీద గుర్రాల వాళ్ళం నలుగురం ఎక్కడ కలిసినా వాదనే. లాయం వాళ్ళు దోచుకుంటున్నారని మేము, ఈ రేటుకి ఎండుగడ్డి కూడా రాదని వాళ్ళు. నేను డబ్బు కట్టే వైపు మనిషినే. అయినా చెప్పక తప్పదు, మావాళ్ళు అడిగే తగ్గింపు చాలాసార్లు న్యాయమైనది కాదు. అట్లాగని లాయం వాళ్ళు లెక్కాపత్రం లేకుండా ఒక్క అంకె చెప్పి ఇష్టముంటే ఉంచండి లేకుంటే తీసుకెళ్ళండి అనడం కూడా న్యాయం కాదు.

ముందు మావైపు సంగతి. "వారంలో రెండు రోజులు మేమే చూసుకుంటున్నాం, కాబట్టి ఏడింట రెండు వంతులు తగ్గించండి" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు, స్వారీ చేసినా చేయకపోయినా, మనం వెళ్ళినా వెళ్ళకపోయినా దాని కడుపు దానిదే. గుర్రం రోజుకు తన బరువులో దాదాపు 2 నుంచి 2.5 శాతం ఎండు మేత తింటుంది. 400 కిలోల గుర్రమైతే 8 నుంచి 10 కిలోలు. నీళ్ళు 25 నుంచి 40 లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. పోనీ ఒక్కసారి పెట్టేసి ఇంటికెళ్ళిపోదామా అంటే దాని జీర్ణాశయం చిన్నది, కొంచెం కొంచెంగా రోజంతా తినాలి, ఎక్కువైతే కక్కుకోవడం కూడా దానికి రాదు. అందుకే కడుపునొప్పి వస్తే గుర్రానికి ప్రాణం మీదకొస్తుంది. అర్ధరాత్రి అది నేల మీద దొర్లుతుంటే లేచి పట్టుకుని నడిపించేది గచ్చిబౌలిలో ఫ్లాట్‌లో నిద్రపోయే యజమాని కాదు, లాయంలో పడుకున్న సైసు, అంటే గుర్రాలను చూసుకునే పనివాడు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఈ అంకెలు ఏ లాయం రేటు కార్డూ కాదు, లెక్క తీరు తెలియడానికి నేను అనుకున్నవి, మీ ఊళ్ళో ఉన్న రేట్లు పెట్టి ఎవరికి వారు వేసుకోవచ్చు. ఎండుగడ్డి రోజుకు 7 కిలోలు, కిలో 12 రూపాయలు అనుకుంటే నెలకు 2,520. దాణా, అంటే ఉలవలో ఓట్సో తవుడో కలిపింది, రోజుకు 3 కిలోలు, కిలో 35 చొప్పున 3,150. కింద పరిచే ఊకకి, వరిగడ్డికి 1,500. సైసు జీతం 16,000, అతని వారపు సెలవు రోజున వచ్చే బదులు మనిషికి నెలకు 2,400, మొత్తం 18,400. ఒక సైసు నాలుగు గుర్రాలను చూస్తాడనుకుంటే ఒక్కో గుర్రం మీద 4,600. లీజు, కరెంటు, బోరు నీళ్ళు, విరిగిన తలుపులు, చిరిగిన తాళ్ళు కలిపి ఒక గుర్రం వాటాకి 3,500. అన్నీ కూడితే 15,270. దీని మీద లాయం నడిపేవాడికి 15 శాతం మిగలాలి కదా, అతను ధర్మసత్రం పెట్టుకోలేదు. అప్పుడు పదిహేడున్నర వేల చిల్లర అవుతుంది. లాడాలు, డాక్టరు, మందులు ఇందులో లేవు, అవి విడిగా.

శని ఆదివారాలు నేను వెళ్తే ఈ లెక్కలో ఏం తగ్గింది? గడ్డి తగ్గలేదు, దాణా తగ్గలేదు, ఊక తగ్గలేదు, లీజు అసలే తగ్గలేదు. తగ్గింది ఒక్క చాకిరీ. నెలలో ఎనిమిది రోజుల చాకిరీ అనుకుంటే 4,600లో ముప్పైకి ఎనిమిది వంతులు, అంటే 1,200 చిల్లర. మొత్తం మీద 7 శాతం. మావాళ్ళు అడిగే ఏడింట రెండు వంతులు మాత్రం 5,000 అవుతుంది. మధ్యలో ఉన్న ఆ 3,800 ఎవరో ఒకరి జేబులోంచి రావాలి. లాయం ఓనరు తన మిగులు వదులుకుంటాడని ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వం. అది సైసు జీతంలోంచి వస్తుంది, లేకపోతే గుర్రం తొట్టిలోంచి. తొట్టిలోంచి వస్తే మనకు రెండు మూడు నెలల దాకా తెలియదు, పక్కటెముకలు బయటపడ్డాక తెలుస్తుంది. నిజానికి ఆ 1,200 కూడా పూర్తిగా మిగలదు, ఎందుకంటే మన గుర్రానికి మనం వెళ్ళినా పక్కనున్న మూడు గుర్రాలకు సైసు ఉండాల్సిందే, అతని జీతంలో లాయం వాళ్ళు ఒక్క రూపాయి కోయలేరు. అయినా ఆ మాత్రం తగ్గించడం మర్యాద, ఇవ్వాలి.

శని ఆదివారాలకు మేతా మేమే తెచ్చుకుంటాం అంటే అది వేరే మాట, అప్పుడు గడ్డీ దాణా కలిపి ఇంకో 1,500 దాకా తగ్గొచ్చు. కానీ ఐదు రోజులు ఒక మేత, రెండు రోజులు ఇంకో మేత పెడితే కడుపు చెడుతుంది, లాయంలో పెట్టే రకమే తేవాలి. ఆదివారం కదా అని బస్తాడు క్యారెట్లూ బెల్లం గడ్డలూ పట్టుకొచ్చి పిల్లల చేత తినిపించే పెద్దమనుషులు ఉన్నారు, సోమవారం డాక్టరు ఫీజు ఎవరు కట్టాలో అక్కడ మొదలవుతుంది గొడవ.

ఇంకో ముఖ్యమైన విషయం, మామూలు రోజుల వ్యాయామం. రేటు తగ్గించమని ఒత్తిడి చేస్తే లాయం వాళ్ళు ముందు కోసేది దీన్నే, ఎందుకంటే యజమానికి కనపడదు. గుర్రం ఐదు రోజులు గదిలోనే నిలబడి ఉంటుంది, దాణా మాత్రం మామూలుగానే తింటుంది, ఆదివారం పొద్దున్నే మనం జీను వేసి రెండు గంటలు పరిగెత్తిస్తాం. పూర్వం బళ్ళు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు ఇచ్చి దాణా తగ్గించకపోతే సోమవారం పనిలోకి దిగగానే కండరాలు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోయేవి, మూత్రం ముదురు రంగులో వచ్చేది, దానికి సోమవారం జబ్బు అని పాశ్చాత్య దేశాల్లో పేరే ఉండేది. మన పద్ధతికి ఇది ఆదివారం జబ్బు అవుతుంది. కాబట్టి పార్ట్ లివరీ ధరలో వారం మధ్యలో తాడు మీద తిప్పడమో, నడిపించడమో, కాసేపు బయట విడిచిపెట్టడమో ఉందా లేదా, ఉంటే ఎన్ని రోజులు, ఎంతసేపు అన్నది రాసి ఉండాలి. లేకపోతే ఆ చవక రేటు చవక కాదు.

ఇక లాయం వాళ్ళ సంగతి. ఇక్కడ నాకు కోపం ఎక్కువ. పార్ట్ లివరీ అని పేరు పెట్టి యజమానికి చెప్పకుండా అతని గుర్రాన్ని పిల్లల క్లాసులకు వాడుకునేవాళ్ళు ఉన్నారు, పెళ్ళిళ్ళ సీజన్లో బారాత్‌కు పంపేవాళ్ళు కూడా ఉన్నారు. డీజే పెట్టెలు, బాణసంచా, లైట్ల మధ్య రాత్రి పదకొండింటిదాకా నిలబడిన గుర్రం మరునాడు ఎందుకు బెదురుతోందో తెలియక యజమాని తల పట్టుకుంటాడు. మా గుర్రానికి ఇట్లా జరగలేదు గానీ తెలిసినవాళ్ళకు జరిగింది. ఇంగ్లండ్‌లో వర్కింగ్ లివరీ అని బాహాటంగానే ఒక పద్ధతి ఉంది, లాయం నీ గుర్రాన్ని క్లాసులకు వాడుకుంటుంది, బదులుగా నీకు నెల ఛార్జీ తగ్గిస్తుంది. తప్పేం లేదు, ఇద్దరూ ఒప్పుకుంటే. లెక్క కూడా కష్టం కాదు. ఒక క్లాసుకి 800 వసూలు చేస్తే అందులో ట్రైనరు, సైసు, జీను అరుగుదల పోగా గుర్రం వాటా 300 అనుకుందాం. వారానికి మూడు క్లాసులు, నెలకు పదమూడు, 3,900 రూపాయలు యజమాని బిల్లులో తగ్గాలి. ప్రతి క్లాసూ ఒక నోటు బుక్కులో తేదీతో, ఎక్కిన మనిషి బరువుతో సహా రాయాలి. వారానికి ఇన్ని గంటలు దాటకూడదని హద్దు ఉండాలి. ఇదంతా చేయకుండా తెర వెనక వాడుకుంటే దానికి వేరే పేరుంది, పత్రికలో రాయడం బాగుండదు.

చట్టం కూడా ఈ విషయంలో గమ్మత్తుగా స్పష్టంగా ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తీసి చూడండి, ఒకరి వస్తువును ఇంకొకరి దగ్గర ఉంచడం గురించి చెప్పే అధ్యాయంలో ఉదాహరణలు కొన్ని గుర్రాలవే. 154వ సెక్షన్ కింద, ఒకడు తన స్వారీకి మాత్రమే అని గుర్రం తీసుకుని ఇంట్లో వాళ్ళలో ఒకరిని ఎక్కనిస్తే, వాళ్ళు ఎంత జాగ్రత్తగా నడిపినా, గుర్రం పొరపాటున పడి దెబ్బ తింటే పరిహారం కట్టాల్సింది తీసుకున్నవాడే. ఇంకో ఉదాహరణలో కలకత్తా నుంచి బెనారస్ వెళ్తానని గుర్రాన్ని అద్దెకు తీసుకుని కటక్ వైపు వెళ్ళినవాడి పరిస్థితీ అదే. ఒప్పుకున్న పని దాటి వాడితే జాగ్రత్తగా వాడాను అన్న జవాబు పనికిరాదు. యజమానులకు కూడా అదే చట్టం ఒక చురక పెట్టింది. 150వ సెక్షన్ ప్రకారం నీ గుర్రానికి తన్నే అలవాటో పరుగు తీసే అలవాటో ఉందని తెలిసీ చెప్పకుండా అప్పగిస్తే, అది పడేసి ఆ అప్పగించుకున్నవాడికి దెబ్బ తగిలితే బాధ్యత నీదే. పందేలు మానేసిన థరోబ్రెడ్‌ను, అంటే పందెపు జాతి గుర్రాన్ని చవకగా కొని, దాని గుణం దాచి లాయంలో దింపేసి వచ్చేవాళ్ళు ఇది చదవాలి.

మేత పెట్టకపోతే శిక్ష ఏమిటంటారా? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటిసారి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. యాభై రూపాయలకు ఇవాళ గుర్రానికి ఒక పూట దాణా కూడా సరిగా రాదు. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అని కూర్చుంటే కుదరదు, మన కాగితం మనమే రాసుకోవాలి.

ఆ కాగితంలో ఏముండాలో పెద్ద చిక్కేమీ లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాల్‌బంద్, అంటే లాడాలు వేసేవాడు, వచ్చి గిట్టలు చెక్కాలి, లాడాలు వేసిన గుర్రానికి ఇంకా తొందరగా. ఆ డబ్బు ఎవరిది? నట్టల మందు, ధనుర్వాతం టీకా ఎవరివి? వానాకాలం జోరీగలు పెరిగాక వాటి కాటుతో సోకే సర్రా జబ్బు వస్తే రక్త పరీక్ష, వైద్యం ఎవరివి? రాత్రిపూట యజమాని ఫోన్ ఎత్తకపోతే డాక్టరును పిలవడానికి లాయం వాళ్ళకు అధికారం ఉందా, ఉంటే ఎంత ఖర్చు దాకా? ఈ నాలుగూ రాసుకుంటే ముప్పావు వంతు గొడవలు తీరిపోతాయి. కొత్త గుర్రం వచ్చినప్పుడు గ్లాండర్స్ పరీక్ష కాగితం చూసే లోపలికి రానివ్వాలి, ఇది మనుషులకు కూడా సోకే జబ్బు, ఒక్క గుర్రానికి తేలినా లాయం మొత్తానికి చిక్కే, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా నమూనాలు వెళ్తాయి. ఇట్లాంటి జాగ్రత్తకి లాయం వాళ్ళు కొంచెం ఎక్కువ అడిగితే నేను కట్టడానికి సిద్ధం.

అడ్వాన్సు సంగతి కూడా ఉంది. రెండు నెలల డిపాజిట్ అడిగితే అన్యాయం అంటారు మావాళ్ళు. నాకైతే తక్కువే అనిపిస్తుంది. నాలుగు నెలలు కట్టి, ఐదో నెల నుంచి ఫోన్ స్విచాఫ్ చేసి, గుర్రాన్ని లాయానికే వదిలేసిన యజమానులు లేరా? బైకు అయితే మూలన పడేస్తారు, ఇది రోజూ తింటుంది. అట్లా వదిలేసిన గుర్రాల మేత ఖర్చు చివరికి సరిగ్గా కట్టే మాలాంటి వాళ్ళ బిల్లులో చేరుతుంది, లాయం వాళ్ళు చెప్పకపోయినా.

ధర పెంచడం మీద కూడా ఒక మాట. ఎండాకాలం పచ్చగడ్డి దొరకదు, ఎండుగడ్డి రేటు ఎగబాకుతుంది, అది ఎవరి తప్పూ కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ కట్టడాలను అడ్డుకున్న 1996 నాటి 111 జీవో ఆంక్షలు 2022లో ఎత్తేశాక అక్కడి భూముల మీద ఆశలు పెరిగాయి, లీజుకిచ్చిన రైతు ఊరికే ఉంటాడా? పెంచండి, కానీ ఏది పెరిగిందో చెప్పి పెంచండి, నెల ముందు చెప్పండి. గడ్డి పెరిగితే గడ్డి వరకే పెంచాలి. కోతలు అయ్యాక గడ్డి దిగినప్పుడు బిల్లు కూడా దిగాలి, ఎక్కడమే గానీ దిగడం తెలియని బిల్లులు చూశాం చాలా.

పన్ను గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి. 2017 జీఎస్టీ మినహాయింపుల్లో వ్యవసాయానికి, జంతువుల పెంపకానికి సంబంధించిన సేవలను వదిలేశారు, కానీ అక్కడే "గుర్రాల పెంపకం తప్ప" అని రాశారు. సేవల్లో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పైన వేసిన పదిహేడున్నర వేల లెక్కన తొమ్మిది గుర్రాల దాకా హద్దు లోపలే, పదో గుర్రం వస్తే 21 లక్షలు. అందుకని రేటు పోల్చేటప్పుడు పన్ను కలిపిన రేటా, కలపని రేటా అని అడగండి. నాలుగు గుర్రాల చిన్న లాయాన్నీ, ముప్పై గుర్రాల రైడింగ్ స్కూలునూ పక్కపక్కన పెట్టి వాడు చవక, వీడు దొంగ అనడం సరికాదు.

ఒక గుర్రాన్ని రెండు కుటుంబాలు పంచుకోవడం కూడా ఇప్పుడు మొదలైంది. మంచిదే, కొనలేనివాళ్ళకు దారి దొరుకుతుంది. వీళ్ళు కూడా సగం రేటు అంటే ఎట్లా, గుర్రం ఒకటే, రేటు పూర్తిది, దాన్ని మీరూ మీరూ పంచుకోండి. ఒకరు మంగళ గురువారాలు, ఒకరు శని ఆదివారాలు ఎక్కితే వాటా ఎంత అన్నది మీ ఇంటి పంచాయతీ, లాయం వాళ్ళకు నెలాఖరుకి ఒకే చేతి నుంచి డబ్బు అందాలి.

చివరగా పత్రిక వారికి ఒక విన్నపం. మీ మార్కెట్ పేజీలో వడ్లు, మిర్చి, పసుపు, కూరగాయల ధరలు వేస్తారు, బంగారం సంగతి సరేసరి. ఎండుగడ్డి, లూసర్న్ గడ్డి, ఉలవలు, తవుడు, వరి ఊక ధరలు కూడా వారానికోసారి వేయండి. పాడి రైతులకు ఎట్లాగూ పనికొస్తుంది. మాకేమో, గడ్డి రేటు పెరిగింది సార్ అని లాయం వాళ్ళు అన్నప్పుడు నిజంగా ఎంత పెరిగిందో చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది, తగ్గినప్పుడు అడగడానికి మొహమాటం ఉండదు.

ఇట్లు,
మొయినాబాద్ దగ్గర ఓ లాయంలో గుర్రాన్ని ఉంచుకున్న పాఠకుడు, హైదరాబాద్